వర్షారణ్యపు పరిమళాలున్న ఘాటైన జిన్

ఆస్ట్రేలియా తూర్పు తీరపు వర్షారణ్యాలకు చెందిన లెమన్ మర్టిల్, ఆనిస్ మర్టిల్ ఆకులను జూనిపర్ కాయలతో కలిపి బట్టీ పట్టిన డ్రై జిన్ (తీపి కలపని ఒక రకం మద్యం)ను, అందులోనూ 57 శాతం ఆల్కహాల్ ఉండే ‘నేవీ స్ట్రెంత్’ రకాన్ని, గ్లాసులో పోసిన వెంటనే ముక్కుకు ఆనించకూడదు. ఆ ఘాటుకు ముక్కు మొద్దుబారి అసలు వాసనలే తెలియవు.

ముందుగా ఒక చిన్న గుక్క నేరుగా రుచి చూసి, తరువాత సమానంగా చల్లని నీరు కలిపితే ఘాటు 28 శాతం దాపులకు దిగి, జూనిపర్ వెనుక దాగిన నిమ్మగడ్డి లాంటి వాసన పైకి వస్తుంది. ఆ వాసన సిట్రాల్ అనే సుగంధ పదార్థానిది. లెమన్ మర్టిల్ తైలంలో సింహభాగం అదే. ఆనిస్ మర్టిల్ సోంపు తీపి మాత్రం గుటక దిగాక గాని తెలియదు, నాకు ఈ జిన్‌లో అన్నిటికన్నా నచ్చేది అదే. నీరు పడగానే ద్రవం కాస్త మసకబారితే కల్తీ అని అనుమానించనక్కరలేదు. ఆల్కహాల్‌లో కరిగి ఉన్న సుగంధ తైలాలు నీటిపాలు పెరిగేసరికి విడివడటమే దానికి కారణం.

అతిథులకు ఇచ్చేటప్పుడు 30 మిల్లీలీటర్ల జిన్‌కు 120 మిల్లీలీటర్ల టానిక్ వాటర్ (కాస్త చేదుగా ఉండే సోడా), పెద్ద మంచుగడ్డలు సరిపోతాయి. నిమ్మచెక్క అనవసరం, ఆ పని ఆకులే చేశాయి. దొరికితే ఫింగర్ లైమ్ అనే వేలి ఆకారపు ఆస్ట్రేలియా నిమ్మలోని ముత్యాల్లాంటి గుజ్జు గింజలు కొన్ని వేయవచ్చు. ఈ 30 మిల్లీలీటర్లు 40 శాతం జిన్ 43 మిల్లీలీటర్లకు దాదాపు సమానమని పోసే ముందే వారికి చెప్పాలి.