"ఇదే చివరిసారి" అన్నందుకు

ఆ అమ్మాయి పేరు, ఊరు, వయసు ఇక్కడ రాయను. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం ఒప్పుకోదు, నా మనసూ ఒప్పుకోదు. పని ఇప్పిస్తామని తెలిసినవాళ్లే తీసుకెళ్లి అమ్మేశారు, పోలీసులు విడిపించి తెచ్చారు. అంతవరకు చాలు.

బాలల సంక్షేమ కమిటీ నన్ను ఆమెకు సపోర్ట్ పర్సన్‌గా నియమించింది. 2020 నాటి పోక్సో నిబంధనల ప్రకారం దర్యాప్తులోనూ విచారణలోనూ బిడ్డకు తోడుండాలి, కేసు ఎంతవరకు వచ్చిందో కుటుంబానికి చెబుతూ ఉండాలి. చదివినప్పుడు తేలికగానే అనిపించింది.

జరిగింది పోలీసులకు చెప్పింది. వైద్యపరీక్షలో డాక్టరు అడిగితే మళ్లీ చెప్పింది. మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇచ్చే రోజు, "ఇంకా ఎన్నిసార్లు చెప్పాలక్కా?" అని నన్ను అడిగింది. ఆ ముఖం చూడలేక "ఇదే చివరిసారి తల్లీ" అనేశాను. కోర్టులో సాక్ష్యం మిగిలే ఉందని నాకు తెలుసు. తెలిసే అన్నాను. సమన్లు వచ్చాక నన్ను చూసి గోడవైపు తిరిగి పడుకుంది. మూడు వారాలు మాట్లాడలేదు.

ఆ మూడు వారాలూ వాళ్లమ్మతోనే కూర్చున్నాను. "ఎందుకు పంపావమ్మా?" అని ఆమెను అడగనివారు లేరు. మొదటిరోజు నేనూ అడిగాను, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. మధ్యంతర పరిహారం కోసం తీర్పుదాకా ఆగనక్కరలేదని, ఎఫ్‌ఐఆర్ నమోదయ్యాక ఏ దశలోనైనా ప్రత్యేక కోర్టును అడగవచ్చని చెప్పాను. ఆమె కాగితాన్ని వెనక్కి నెట్టింది. "ఆ డబ్బు ముట్టుకుంటే నేనూ అమ్ముకున్నట్లే కదా మేడమ్" అంది. నా దగ్గర జవాబు లేదు. నెల తరువాత, డబ్బు కూతురి పేరనే బ్యాంకులో ఉండేలా అడుగుదామని తనే అంది. అప్పుడు దరఖాస్తు పెట్టాం. తండ్రి మాత్రం ఒక్కసారీ మా ముందు కూర్చోలేదు. వాకిట్లో నిలబడి అన్నీ వినేవాడు.

సాక్ష్యానికి ముందు, విచారణ లేని వేళ అమ్మాయిని కోర్టు హాలుకు తీసుకెళ్లాను. జడ్జి ఎక్కడ కూర్చుంటారు, తెర ఎక్కడ ఉంటుంది, నేను ఎక్కడ ఉంటాను అన్నీ చూపించాను. నిందితుడు కనిపించడని, తలుపులు మూసే విచారిస్తారని, అవతలి లాయరు ప్రశ్నలను జడ్జే అడుగుతారని చెప్పాను. గుర్తులేనిది గుర్తులేదనవచ్చని కూడా చెప్పాను. ఏం చెప్పాలన్నది మాత్రం ఎత్తలేదు. నేర్పించి తెచ్చారన్న మాట ఒక్కటి పడితే కేసుకే దెబ్బ.

కోర్టు కేసును విచారణకు స్వీకరించిన 30 రోజుల్లో బిడ్డ సాక్ష్యం నమోదు కావాలని చట్టం. మాకు ఏడు నెలలు పట్టింది. రెండుసార్లు బడి మానేసి వెళ్లి, సాయంత్రందాకా కూర్చుని, వాయిదా తేదీ రాసుకుని తిరిగొచ్చాం. వాయిదా అన్న మాట వింటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

మూడోసారి సాక్ష్యం చెప్పింది. మధ్యలో ఒకసారి ఆపమంది, జడ్జి ఆపారు. బయటికొచ్చి మొహం కడుక్కుని, "మళ్లీ పిలుస్తారా?" అంది.

"మాటిమాటికీ పిలవకూడదనే చట్టం. కానీ పిలవరని నేను మాట ఇవ్వలేను."

కాసేపు ఆలోచించింది. "పిలిస్తే ముందే చెప్పండక్కా. వచ్చే నెల పరీక్షలున్నాయి."