అమ్మ చీర మీద రంగులు

"అమ్మా, ఒక్క నిమిషం కదలకు" అన్నా. జర్మనీలో కొలోన్ కేథడ్రల్ అనే పెద్ద చర్చిలో దక్షిణం వైపు పెద్ద కిటికీ దగ్గర నిలబడి ఉంది, మధ్యాహ్నం ఎండకి తన తెల్ల నేతచీర కుచ్చిళ్ళ మీద ఎరుపు, పసుపు, నీలం చదరాలు పడి మెల్లగా జరుగుతున్నాయి.

అక్కడి పాత అద్దాలు రెండో ప్రపంచయుద్ధంలో పోయాయి, 2007లో గెర్హార్డ్ రిక్టర్ అనే పెయింటర్ 72 రంగుల్లో 11 వేలకి పైగా గాజు ముక్కలతో డిజైన్ చేసిన కొత్త కిటికీ పెట్టారు, బొమ్మల్లేవు, కథల్లేవు, ఉత్త రంగులే. నాకైతే లోపల చూసిన అన్నిటికన్నా అదే ఎక్కువ నచ్చింది.

ఈ చర్చి కట్టడం 1248లో మొదలెడితే 1880కి పూర్తయింది అని చెప్పా. అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత పక్కనున్న స్తంభం మీద అరచెయ్యి ఆనించి "అయితే మొదట్లో రాళ్ళు చెక్కినోళ్ళెవరూ ఇది చూడనేలేదా నాన్నా" అంది.

ఆ చేతి మీద కూడా ఒక నీలం చదరం.