క్వీన్స్‌టౌన్‌లో కారు తీసుకున్నాం

న్యూజిలాండ్ దక్షిణ ద్వీపం చూడాలంటే చేతిలో కారు ఉండాల్సిందేనని వెళ్ళొచ్చినవాళ్ళంతా చెప్పారు. అక్కడా మనలాగే ఎడమవైపు నడపడమే, లైసెన్స్ ఇంగ్లిష్‌లో ఉంటే చాలు, ఇంకేం టెన్షన్ అనుకుని హైదరాబాద్‌లో ఉండగానే నా పేరు మీద బుక్ చేసేశాను. అసలు చిక్కు ఎయిర్‌పోర్ట్ కౌంటర్ దగ్గరొచ్చింది. డిపాజిట్‌కి క్రెడిట్ కార్డు అడిగితే మా ఆయనది ఇచ్చాను, కుదరదన్నారు. కారు ఎవరి పేరు మీద ఉంటే కార్డూ వాళ్ళదే అయి ఉండాలట, నా దగ్గరేమో డెబిట్ కార్డు తప్ప ఏదీ లేదు. వెనకాల లైను, సూట్‌కేసు మీద వాలి నిద్రపోతున్న మా పాప, నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆయన కూడా లైసెన్స్ తెచ్చుకున్నారు కాబట్టి సరిపోయింది. బుకింగ్ ఆయన పేరుకు మార్పించి, నన్ను రెండో డ్రైవరుగా రాయించి, దానికి విడిగా డబ్బు కట్టి బయటపడ్డాం. మీరు వెళ్తుంటే దయచేసి ఇదొక్కటి ముందే చూసుకోండి.

మర్నాడు పొద్దున్నే మిల్ఫర్డ్ సౌండ్‌కి, అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ చూడ్డానికి, బయల్దేరాం. దారిలో టె అనౌ అనే ఊళ్ళో ట్యాంకు నింపుకుని అక్కడి నుంచి స్టీరింగ్ నేను తీసుకున్నాను, ఇంకో 120 కిలోమీటర్లు, దారిలో బంకు లేదు. నాకు బాగా నచ్చినవి అక్కడి ఒంటి వరస వంతెనలు. మన దగ్గర ఇరుకు వంతెన మీద ఎవరు ముందు లైటు కొడితే దారి వాళ్ళదే కదా, అక్కడ బోర్డు మీద రెండు బాణాలుంటాయి, మనం వెళ్ళే వైపుది చిన్నగా, ఎర్రగా ఉంటే మనం ఆగాలి. మొదటిసారి ఆగినప్పుడు ఎదురుగా వచ్చినాయన స్టీరింగ్ మీంచి చెయ్యి తియ్యకుండానే ఒక వేలు పైకెత్తి పలకరించి వెళ్ళాడు, ఎంత హాయిగా అనిపించిందో!

హోమర్ సొరంగం ముందు సిగ్నల్ పడింది. ఎక్కడినుంచి వచ్చిందో ఒక కియా చిలుక, ఆకుపచ్చది, కోడంత ఉంది, నేరుగా మా కారు టాప్ మీద వాలి, వంకీ ముక్కుతో డోర్ బీడింగ్ పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. పాపకి ఒకటే సంబరం, నాకు డిపాజిట్ గుర్తొచ్చి గుండెల్లో దడ. రెక్కలు విప్పితే లోపలంతా నారింజ రంగు, ఆ అందం చూస్తూ అదిలించడమే మర్చిపోయాను.

కారు తిరిగి ఇచ్చేటప్పుడు దాచకుండా ఆ చోటు మేమే చూపించాం. కారు తీసుకునే అతను బీడింగ్ మీద వేలు పెట్టి చూసి, "కియానా?" అని నవ్వి సంతకం పెట్టేశాడు. కార్డు మీద బ్లాకైన డబ్బు మాత్రం మేం ఇంటికొచ్చిన పది రోజులకి వదిలింది.