కాలనీ సంఘం కొత్త కమిటీ రికార్డుకెక్కిన వైనం – నా అనుభవం

నిన్న మధ్యాహ్నం మా కాలనీ సంక్షేమ సంఘం కొత్త కమిటీ జాబితా రిజిస్ట్రార్ ఆఫీసులో రికార్డుకెక్కింది. ముద్ర వేసిన నకలు చేతికొచ్చింది. పావుగంట పనికి నాలుగు నెలలు తిరిగాం. ఎక్కడ ఆగిందో, ఎలా కదిలిందో మరిచిపోకముందే రాస్తున్నాను. మాది హైదరాబాద్ శివారు. ఆంధ్రాలో ఉన్నవాళ్ళకీ ఇది పనికొస్తుంది, రెండుచోట్లా నడిచేది 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టమే.

ఎన్నికలో ఏ ఇబ్బందీ రాలేదు. బైలాస్ (సంఘం నియమావళి) ప్రకారం 21 రోజుల ముందే నోటీసు ఇచ్చాం. 186 మంది సభ్యుల్లో 94 మంది వచ్చారు, కోరానికి, అంటే సమావేశం చెల్లడానికి, 62 చాలు. హాజరు పుస్తకంలో ప్రతి సంతకం పక్కన ఇంటి నంబరు, చందా రసీదు నంబరు రాయించాను. మా రికార్డు అంత పక్కాగా ఉందని గర్వంగానే చెప్పుకుంటాను.

చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం వార్షిక సర్వసభ్య సమావేశం జరిగిన 15 రోజుల్లోగా కమిటీ జాబితా దాఖలు చెయ్యాలి. మేం తొమ్మిదో రోజునే ఇచ్చాం. ఇన్‌వర్డ్ నంబరు, అంటే కాగితం అందినట్టు ఆఫీసు వేసే నంబరు, వేయించుకున్నాం. అక్కడితో ఆగిపోయింది.

రెండు వారాల తర్వాత వెళ్తే ఫైలు అట్ట మీద పెన్సిలుతో ‘వివాదం’ అని ఒక్క మాట రాసి ఉంది. కింద సంతకం లేదు, తేదీ లేదు. ఓడిపోయిన వర్గం అభ్యంతరం పెట్టిందట. కాపీ ఇమ్మంటే ఇవ్వలేదు. “మీలో మీరు తేల్చుకుని రండి సార్” అన్నారు. రెండోసారి వెళ్తే సెక్షన్ గుమాస్తా సెలవు. మూడోసారి ఆ గుమాస్తాయే, గదిలో ఇరవై మంది వింటుండగా, “రిటైరైపోయారు కదా సార్, ఈ గొడవలన్నీ మీకెందుకు? ఇంట్లో కూర్చోక” అన్నాడు. ముప్ఫై ఏళ్ళు ప్రభుత్వ ఫైళ్ళు రాసినవాణ్ణి, ఆ రోజు మెట్లు దిగుతుంటే కాళ్ళు వణికాయి. జీతం లేకుండా కాలనీ డ్రైనేజీ, పార్కు, వీధిదీపాలు చూసుకునేవాళ్ళని ఆ మాట అనకూడదు.

ఈలోగా అవతలివాళ్ళు ఆ పెన్సిలు మాటనే పట్టుకెళ్ళి మునిసిపల్ ఆఫీసులో చూపించారు. పార్కు నిర్వహణకి మాకు రావలసిన బిల్లు అక్కడ ఆగింది. తోటమాలికి రెండు నెలల జీతం మేమే తలాకాస్తా వేసుకుని ఇచ్చాం.

అసలు సంగతి 23వ సెక్షన్‌లో ఉంది. సంఘం వ్యవహారాల్లో కమిటీకో సభ్యులకో తగాదా వస్తే, ఏ సభ్యుడైనా 1996 మధ్యవర్తిత్వ చట్టం కింద వెళ్ళవచ్చు, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు వేసుకోవచ్చు. ఎవరు గెలిచారో తేల్చే అధికారం రిజిస్ట్రార్‌కి లేదు. హైకోర్టు కూడా ఈ మాట చాలాసార్లు చెప్పింది. ఇంకొక సంగతి కూడా తెలుసుకోండి: జాబితా రికార్డుకెక్కినంత మాత్రాన ఎన్నిక సక్రమమని ముద్ర పడినట్టు కాదు. అవతలివాళ్ళు ఆ తర్వాత కూడా కోర్టుకి వెళ్ళవచ్చు, అది వాళ్ళ హక్కు. అభ్యంతరం కాపీ మాకివ్వకుండా, మా మాట వినకుండా, రాతలో ఒక్క ఉత్తర్వు లేకుండా మూలన పడెయ్యడమే అన్యాయం.

ఇక తిరగడం మానేసి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను, పది రూపాయల ఫీజుతో. “ఎందుకు ఆపారు” అని మాత్రం అడక్కండి. అది సమాచారం కాదని తోసేస్తారు. రికార్డులే అడగాలి. జాబితా అందిన తేదీ, ఇన్‌వర్డ్ నంబరు, అభ్యంతర పత్రం నకలు, నోట్ ఫైలు (ఆ విషయం మీద ఆఫీసువాళ్ళు రాసుకున్న నోట్స్) నకలు, జాబితా ఆపుతూ ఇచ్చిన ఉత్తర్వు నకలు అడిగాను. 30 రోజుల్లో జవాబివ్వాలి, 28వ రోజున వచ్చింది. అభ్యంతరం ఒకే పేజీ, సంతకాలు రెండు. ఇద్దరిలో ఒకాయన చందా కట్టి మూడేళ్ళయింది. ఉత్తర్వు అడిగిన చోట ‘లభ్యం కాదు’ అని రాశారు. మా పని చేసిపెట్టింది ఆ రెండు మాటలే.

జవాబు రాకపోతే మాత్రం ఊరుకోవద్దు. గడువు దాటిన 30 రోజుల్లోగా అదే శాఖలో మొదటి అప్పీలు వెయ్యాలి.

ఆ కాగితం జతచేసి జిల్లా రిజిస్ట్రార్ పేరున స్పీడ్ పోస్టులో ఒకటిన్నర పేజీల లేఖ పంపాను. 23వ సెక్షన్ మాటలు యథాతథంగా ఎత్తి రాశాను. జాబితా రికార్డు చెయ్యండి, లేదా ఏ సెక్షన్ కింద నిరాకరిస్తున్నారో కారణాలతో లిఖితపూర్వకంగా ఇవ్వండి, 15 రోజుల్లో రెండూ జరక్కపోతే హైకోర్టులో రిట్ వేస్తామన్నాను. ఒక్క పరుషమైన మాట లేదు. 12వ రోజున ఫోన్ వచ్చింది.

ఆఫీసు బయట టేబుళ్ళేసుకుని “నేను చేయించి పెడతా” అనేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. మా కోశాధికారి నా మాట వినక ఒకాయనకి మూడు వేలు ఇచ్చాడు. ఆ మనిషి చేసిందల్లా మా ఫైలు ఇంకా అక్కడే ఉందని చెప్పడం. ఏ కాగితమిచ్చినా రెండో ప్రతి మీద ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకుని గానీ కౌంటరు వదలకండి.

సోమవారం పొద్దున్నే బ్యాంకుకి వెళ్తున్నాం, సంతకాలు మార్పించాలి. తీర్మానం నకలు, ముద్ర పడిన జాబితా, ముగ్గురి ఆధార్, పాన్ కాపీలు సంచిలో సర్దిపెట్టాను. అక్కణ్ణించి నేరుగా మునిసిపల్ ఆఫీసుకి, పార్కు బిల్లు కోసం.