మళ్లీ అదే వాడకు

1974 నవంబరు. పట్నాలో జయప్రకాశ్ నారాయణ్ వెంట వేలమంది ఊరేగింపుగా కదిలారు. పోలీసుల లాఠీలు లేస్తే దానికి సాక్ష్యం ఉండాలని ఇరవై నాలుగేళ్ల కుర్రాడొకడు అరువు తెచ్చుకున్న సూపర్ 8 కెమెరాతో ఆ జనంలోకి దిగాడు. తీసిన చిన్న ఫిల్మును తెర మీద వేసి, దాన్నే మళ్లీ 16 ఎం.ఎం.లో తీసి సినిమాగా కూర్చాడు. ఎమర్జెన్సీ రాగానే ఆ సినిమాను దాచాల్సి వచ్చింది. ప్రింటును ముక్కలు చేసి దేశం దాటించారు. ఆనంద్ పట్వర్ధన్ డాక్యుమెంటరీలు తీయడం మొదలైంది ఇలా.

ఈ సంగతులన్నీ మన కాలేజీ ఫిల్మ్ క్లబ్‌లో మాస్టారు చెప్పినవే. క్లబ్ అంటే ఓ ప్రొజెక్టరు, గోడకు కట్టిన తెల్ల దుప్పటి, మాస్టారి సంచిలోని సీడీలు. విశాఖ సిరిపురంలో టీ తాగి నేరుగా అక్కడికి వెళ్లేవాళ్లం. హిందీ, మరాఠీ మాటలు వచ్చినప్పుడు మాస్టారు సినిమా ఆపి తెలుగులో చెప్పేవారు.

పట్వర్ధన్ 1950లో బొంబాయిలో పుట్టారు. స్వాతంత్ర్య పోరాటంలో పాల్గొన్న కుటుంబం. అమెరికాలో చదువుతూ వియత్నాం యుద్ధ వ్యతిరేక ఉద్యమంలో తిరిగారు, సీజర్ చావెజ్ వ్యవసాయ కూలీల సంఘంలో పనిచేశారు. కెనడాలో చదివినప్పుడు అక్కడి భారతీయ కూలీల మీద సినిమా తీశారు. ఎక్కడుంటే అక్కడి కష్టజీవుల మధ్యకు వెళ్లడం ఆయనకు మొదటి నుంచీ అలవాటు.

నన్ను ఎక్కువగా కదిలించింది 1985 నాటి ‘హమారా షహర్’. బొంబాయి గుడిసెల కూల్చివేతల మీద తీసింది. అందులో ఇల్లు పోయిన ఒకామె కెమెరా పట్టుకున్నవాళ్లనే నిలదీస్తుంది. మా ఫొటోలు తీసుకుని పేరు తెచ్చుకుంటారు, మాకు ఒరిగేదేమిటని ఆమె కోపం. ఇంకెవరైనా అయితే ఎడిటింగ్‌లో ఆ ముక్క తీసేసేవాళ్లు. ఆయన ఉంచారు. ఆ రోజు నా పక్కన కూర్చున్న మిత్రుడిది నిర్వాసిత కుటుంబం. ఊరు ఖాళీ చేసి గాజువాక వైపు పునరావాస కాలనీకి వచ్చినవాళ్లు. సినిమా అయ్యాక వాడు చాలాసేపు మాట్లాడాడు. చెరువు గట్టు, అమ్మవారి గుడి, ఎవరి కళ్లం ఎక్కడుండేదో తాత చెప్పినవన్నీ చెప్పాడు. మూడేళ్లు ఒకే హాస్టల్లో ఉన్నా అంతకుముందు వాడి నోట ఆ ఊరి పేరు కూడా వినలేదు.

ఆమె అడిగినదానికి పట్వర్ధన్ మాటలతో జవాబు చెప్పలేదు. 1986లో సంజయ్ గాంధీ నగర్ గుడిసెలు కూల్చినప్పుడు షబానా ఆజ్మీతో పాటు ఆ బస్తీవాళ్ల పక్కన నిరాహార దీక్షకు కూర్చున్నారు. నా దృష్టిలో ఆయన జీవితమంతా ఆ తల్లికి ఇస్తూ వచ్చిన జవాబే.

‘హమారా షహర్’లో ఏక్‌తారా మీటుతూ పాడిన విలాస్ ఘోగ్రే దళిత గాయకుడు. 1997 జులై 11న ఘాట్కోపర్ రమాబాయి నగర్‌లో అంబేడ్కర్ విగ్రహానికి అవమానం జరిగిందని జనం రోడ్డెక్కితే పోలీసు కాల్పుల్లో పది మంది చనిపోయారు. ఆ దుఃఖంలో ఘోగ్రే ఉరి వేసుకున్నారు. పట్వర్ధన్ ఆ వాడకు వెళ్లారు. ఒక్కసారి వెళ్లి సరిపెట్టుకోలేదు, 14 ఏళ్లు తిరిగారు. కోర్టు కేసులు, పాటలు, ఎన్నికల సభలు, చనిపోయినవారి ఇళ్లు అన్నీ తీశారు. 2011లో ‘జై భీమ్ కామ్రేడ్’ వచ్చింది. మూడు గంటలు దాటిన సినిమా అది. మెస్ టైం అయిపోతున్నా ఎవరూ లేవలేదు. వంగపండు పాటలు వింటూ పెరిగిన ఉత్తరాంధ్ర పిల్లలకి పాటగాడు పోవడమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

మేం చూసింది 2012లో. అదే ఏడాది జూన్‌లో శ్రీకాకుళం జిల్లా లక్ష్మీపేటలో అయిదుగురు దళితులను చంపేశారు. మడ్డువలస రిజర్వాయరు కోసం సేకరించి ఖాళీగా ఉన్న భూమిని సాగు చేసుకోవడం దగ్గర మొదలైన గొడవ. బొంబాయి కథ చూస్తూ మాలో చాలామందిమి లక్ష్మీపేట గురించే ఆలోచించాం.

తీసిన సినిమా జనానికి చేరాలంటే పట్వర్ధన్‌కు మరో పోరాటం తప్పేది కాదు. అయోధ్య మీద తీసిన ‘రామ్ కే నామ్’ను దూరదర్శన్ చూపించింది కోర్టు చెప్పాకే. అణు పరీక్షల మీద తీసిన ‘జంగ్ ఔర్ అమన్’కు సెన్సార్ బోర్డు కోతలు పెట్టింది. 2003లో బొంబాయి హైకోర్టు ఒక్క కోత లేకుండా అనుమతించింది. మరో సినిమా కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2006లో గెలిచారు.

ఆయన ఒక పక్షం వహిస్తారని విమర్శ ఉంది. వహిస్తారు, దాచుకోరు కూడా. కానీ తనకు గిట్టనివాళ్లను కూడా కెమెరా ముందు తీరిగ్గా మాట్లాడనిస్తారు. నేను ఇప్పుడు విలేకరిగా పనిచేస్తున్నాను. ఘటన జరిగిన రోజు అందరం వెళ్తాం. ఆర్నెల్ల తర్వాత ఆ ఇంటికి వెళ్లి కేసు ఏమైంది, పరిహారం అందిందా అని అడగడం ఎంత కష్టమో, ఎంత అవసరమో నాకు తెలుసు. అడగాలన్న పట్టుదల నాకు వచ్చింది ఈయన సినిమాల నుంచే.

మన పూర్వ విద్యార్థుల సంఘం పెద్దలకు ఒక విన్నపం. మాస్టారు రిటైరయ్యాక క్లబ్ ఆగిపోయింది. ఈసారి నిధుల్లో కొంత పక్కన పెట్టి ఒక మంచి ప్రొజెక్టరు, సౌండ్ సిస్టమ్ కొందాం. మొదటి ప్రదర్శనకు నేనూ, గాజువాక మిత్రుడూ వస్తాం. తెలుగులో చెప్పే పని మేమిద్దరం చూసుకుంటాం.