నాలుగు రోజులకని వచ్చిన అత్తయ్య

2020 మార్చి 20 రాత్రి ఖమ్మం బస్సు దిగి మా అత్తయ్య హైదరాబాద్‌లో మా ఇంటికొచ్చింది. సంచిలో మూడు చీరలు, మామిడికాయలు, కొత్త పంచాంగం. "ఉగాది చూసుకుని పోతా, నాలుగు రోజులే" అంది. 22న జనతా కర్ఫ్యూ. 25న ఉగాది, ఆ రోజు నుంచే దేశమంతా లాక్‌డౌన్.

మాది ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. తొమ్మిదేళ్లుగా ఉంటున్నా మెయింటెనెన్స్ గొడవలప్పుడు తప్ప ఎవరితోనూ మాట్లాడింది లేదు. అత్తయ్యకి ఈ పద్ధతి నచ్చలేదు. పండగ పూట పంచాంగం నలుగురూ వినాలంటూ మెట్ల మీద కూర్చుని గట్టిగా చదవడం మొదలుపెట్టింది. ఒక్కో తలుపే తెరుచుకుంది. ఎవరి గుమ్మంలో వాళ్లు కూర్చున్నారు. శార్వరి నామ సంవత్సరం. "శార్వరి అంటే రాత్రి. పేరు పెట్టినవాడికి ముందే తెలుసన్నమాట" అన్నారు మూడో అంతస్తు లెక్కల మాస్టారు. మా ఆయన రాశికి విదేశీయానం ఉందని రాగానే, "ముందు పాలప్యాకెట్‌కి వెళ్లి, లాఠీ దెబ్బ పడకుండా రమ్మనండి. వీసా సంగతి తర్వాత" అన్నారు. నవ్వులు ఐదో అంతస్తు దాకా వినపడ్డాయి.

మాస్టారు రిటైరై ఒంటరిగా ఉండేవారు. కొడుకు అమెరికాలో. మర్నాడు లిఫ్ట్ పక్కన నోటీసు బోర్డు మీద చాక్‌పీస్‌తో రాశారు: "నాలుగు రోజులకని వచ్చిన అత్తగారు: నేటికి 6వ రోజు." ఇక రోజూ ఉదయం అంకె మార్చడమే ఆయన పని. అది చూడ్డానికే పిల్లలు కిందకి దిగేవాళ్లు. అత్తయ్య మాత్రం చూసీ చూడనట్టు పోయేది.

నా పరిస్థితి వేరు. పాలప్యాకెట్లు సబ్బుతో కడగడం, కూరగాయలు ఉప్పునీళ్లలో వేయడం, రాత్రి గొంతు కాస్త గరగరలాడితే తెల్లార్లూ నిద్రపట్టకపోవడం. సగం జీతం. టీవీలో ఎండలో నడిచిపోతున్న వలస కూలీలు. దేవుడి మీద నాకు పెద్దగా గురి లేదు, ఆ రోజుల్లో ఉన్న కాస్తా పోయింది. అత్తయ్య ఏమీ బోధించలేదు. రోజూ సాయంత్రం దీపం పెట్టి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీయించేది. అంతే. ఆ గంటసేపు నా గొంతు సంగతి నాకు గుర్తుండేది కాదు.

ఏప్రిల్ 2 శ్రీరామనవమి. ఏటా భద్రాచలం వెళ్లే మనిషి. ఈసారి కల్యాణం మిథిలా స్టేడియంలో కాకుండా గుడిలోనే, భక్తులు లేకుండా. మా టీవీని గుమ్మం వైపు తిప్పాం. సరిగ్గా మాంగల్యధారణ వేళకి కరెంటు పోయింది. అత్తయ్య తడబడలేదు. "మాంగల్యం తంతునానేన" తనే అందుకుని, నల్లటి టీవీ మీద అక్షింతలు వేసింది. పైనుంచి మాస్టారి గొంతు: "పెళ్లయిపోయింది, పానకం పొయ్యండి!" ఎవరి గ్లాసు వాళ్లు తెచ్చుకున్నారు. రెండో అంతస్తు ముస్లిం కుటుంబం వాళ్ల పాపకి రెండుసార్లు పోశాం. రంజాన్ నెలలో ఆ ఇంటి నుంచి మాకు రోజూ ఖర్జూరాలు వచ్చేవి. ఊళ్లో హలీం బట్టీలు వెలగని ఏడాది అది. వాళ్లు ఇంట్లోనే వండి, గిన్నె మా గుమ్మంలో పెట్టి బెల్ కొట్టి వెళ్లేవాళ్లు. అత్తయ్య ముట్టదు గానీ, గిన్నె మాత్రం ఖాళీగా తిరిగి పంపనిచ్చేది కాదు. ఏ సున్నుండలో వేసేది.

మే 2 తెల్లవారుజామున మాస్టారు పోయారు. గుండెపోటు. విమానాల్లేవు, కొడుకు ఫోన్ స్క్రీన్ మీదే చూశాడు. అంత్యక్రియలకి ఇరవై మందికి మించకూడదని రూల్. మాకు ఇరవై మంది కూడా అవసరం పడలేదు. మా ఆయన, వాచ్‌మన్, రెండో అంతస్తు భాయ్, ఇంకొకాయన పాడె మోశారు. తలకొరివి ఎవరు పెట్టాలని తటపటాయిస్తుంటే, "కొడుకుని అడగండి, అతను చెప్పిన వాళ్లే పెట్టాలి" అంది అత్తయ్య. అతను మా ఆయన పేరు చెప్పాడు. పదో రోజు దాకా ఆ ఇంటి ముందు రోజుకొకరు దీపం పెట్టాం.

బోర్డు మీద 42 అలాగే ఉండిపోయింది. ఎవరూ తుడవలేదు, మార్చలేదు.

మే 19న జిల్లా బస్సులు మొదలయ్యాయి. మర్నాడు అత్తయ్య అదే సంచితో బయల్దేరింది. లిఫ్ట్ దగ్గర ఆగి, మొదటిసారి బోర్డు వైపు నిలబడి చూసింది.

"లెక్కల మాస్టారే, కానీ లెక్క తప్పు. నేనొచ్చింది 20 రాత్రి. 21 నుంచి లెక్కపెట్టాడు."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా అత్తయ్యా?"

"చెబితే రాయడం మానేస్తాడేమోనని" అంటూ మాస్కు పైకి లాక్కుంది.