మ్యూట్ తీయడం నేర్పితే సరిపోదు

కరోనాతో బడులు మూతపడి, 2020 సెప్టెంబర్ 1న తెలంగాణలో టీశాట్, దూరదర్శన్ యాదగిరి టీవీ ఛానళ్లలో పాఠాలు మొదలైనప్పుడు అందరి ధ్యాసా పిల్లల మీదే, ఆన్‌లైన్‌లో పాఠం ఎలా చెప్పాలన్న టీచర్ల టెన్షన్ పెద్దగా ఎవరికీ పట్టలేదు. అక్టోబర్‌లో టీచర్ల కోసం కేంద్రం నడిపే నిష్ఠ శిక్షణ, పాఠాల యాప్ అయిన దీక్షాలోకి వచ్చింది. మంచిదే. కానీ మా స్టాఫ్‌రూంలో చాలామంది వీడియో అలా నడవనిచ్చి, చివర్లో క్విజ్ రాసి సర్టిఫికెట్ తీసుకున్నారు. వాళ్ల తప్పని నేననను, పక్కన కూర్చుని చూపించేవాళ్లు లేరు మరి.

నాకు నేర్పింది మా లెక్కల మాస్టారు. రెండు స్టీలు డబ్బాల మీద స్కేలు అడ్డంగా వేసి, కెమెరా కిందికి చూసేలా దాని మీద ఫోన్ పెట్టి, కింద తెల్లకాగితం మీద భిన్నాలు చేసి చూపించేవారు. ఐదు నిమిషాలకోసారి ఆపి ఒక లెక్క ఇస్తే, పిల్లలు నోట్‌బుక్ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాలి, ఎవరికి రాలేదో అక్కడే తెలిసిపోయేది.

అందుకే నా మాట ఒకటే, శిక్షణలో టీచర్ చేత చిన్న పాఠం చెప్పించి, ఆ రికార్డింగ్ అందరూ కలిసి చూడాలి. నాది చూసినప్పుడు, ప్రశ్న అడిగి రెండు సెకన్లు కూడా ఆగకుండా జవాబు నేనే చెప్పేస్తున్నానని అర్థమైంది. ఇప్పుడు మనసులో పది లెక్కపెట్టుకుని ఆగుతున్నా.